సర్వర్ ఫైల్ సిస్టమ్ పాడైతే సిస్టమ్‌రెస్క్యూ ఎంతవరకు ఆదుకుంటుంది: రిపేర్ టూల్స్ రివ్యూ

సిస్టమ్‌రెస్క్యూ ఉచితంగా దొరికే లైవ్ లినక్స్, అంటే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది. యూఎస్‌బీలో వేసుకుని సర్వర్‌ని దాంతో బూట్ చేస్తే, రిపేర్‌కి కావాల్సిన కమాండ్లు దాదాపు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పాతవాళ్లకి ఇది సిస్టమ్‌రెస్క్యూసీడీగా తెలుసు. 2019లో వచ్చిన 6.0 నుంచి ఆర్చ్ లినక్స్ ఆధారంగా తయారవుతోంది. డెస్క్‌టాప్, బ్రౌజర్ లాంటివి కూడా ఉన్నాయి కానీ వాటి జోలికి ఈ రివ్యూ వెళ్లదు. సర్వర్ డిస్క్ మౌంట్ అవ్వనప్పుడు, అంటే వాడుకోవడానికి తెరుచుకోనప్పుడు, ఇందులోని ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ల (డిస్క్‌పై ఫైళ్లు అమర్చే పద్ధతుల) టూల్స్‌ని ఎంత నమ్మవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే విషయం.

ముందుగా మా అంచనా: ఈఎక్స్‌టీ4కి చాలా బాగుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి బాగుంది, ఒక్క ప్రమాదకరమైన ఆప్షన్ విషయంలో జాగ్రత్త. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి డేటా బయటికి తీయడం వరకే. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కి టూల్స్ ఇందులో లేవు.

ఇలాంటి టూల్‌ని కొలిచేందుకు మేం పెట్టుకున్న ప్రశ్న ఒకటే. రిపేర్ తప్పుదారి పడితే వెనక్కి వచ్చే వీలుందా? ఎందుకంటే ఏ ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని చెక్ చేసి సరిచేసే కమాండ్) అయినా ఫైల్ సిస్టమ్ లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోయేలా చేయడానికే రాసినది. ఐనోడ్‌లో (ఫైల్ వివరాలు, దాని డేటా ఎక్కడుందో రాసి ఉండే చోటు) అర్థంపర్థం లేని బ్లాక్ నంబర్లు కనిపిస్తే ఆ ఐనోడ్‌ని చెరిపేయడం దాని దృష్టిలో సరైన రిపేరే. ఫైల్ సిస్టమ్ క్లీన్ అని వస్తుంది, ఆ ఫైల్ మాత్రం ఉండదు. ఈ సంగతి తెలియక మొదటి నిమిషంలోనే అన్నిటికీ ఎస్ చెప్పే ఆప్షన్‌తో నడిపేసినవాళ్లు, పాడైన దానికంటే ఎక్కువ పోగొట్టుకుంటారు.

బూట్ చేసే దగ్గర

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇది బూట్ అవ్వదు, ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో తీసేయాలి. సర్వర్ రిమోట్ కన్సోల్ నుంచి వర్చువల్ సీడీగా తగిలించి బూట్ చేస్తుంటే, బూట్ లైన్ చివర కాపీటూర్యామ్ అనే ఆప్షన్ తప్పకుండా చేర్చండి. ఇమేజ్ మొత్తం ర్యామ్‌లోకి వచ్చేస్తుంది. లేకపోతే రిపేర్ మధ్యలో కన్సోల్ కనెక్షన్ తెగినప్పుడు కింద సిస్టమ్ ఫైళ్లే మాయమై కమాండ్లన్నీ ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ ఇస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) నుంచి పని చేయాలంటే రూట్‌పాస్ ఆప్షన్‌తో పాస్‌వర్డ్ ఇవ్వాలి, దాంతోపాటు నోఫైర్‌వాల్ కూడా చేర్చాలి. ఫైర్‌వాల్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది కాబట్టి, పాస్‌వర్డ్ ఒక్కటే ఇచ్చి కనెక్ట్ అవ్వట్లేదేమిటని వెతుక్కోవడం మామూలే.

లోపలికి వచ్చాక పని అంతా టీమక్స్‌లోనే చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ తెగితే ఎఫ్‌ఎస్‌సీకే కూడా సగంలో చచ్చిపోకూడదు. స్క్రీన్‌పై వచ్చేదంతా స్క్రిప్ట్ కమాండ్‌తో ఫైల్‌లోకి పట్టుకోండి. ఆ ఫైల్‌ని వేరే మెషీన్‌లోకి కాపీ చేయడం మరవద్దు, లైవ్ సిస్టమ్‌లో రాసినవన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, రీబూట్‌తో పోతాయి.

ఇందులో టూల్స్ వెర్షన్లు కొత్తవి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. 2023లో వచ్చిన ఈ2ఎఫ్‌ఎస్ ప్రోగ్స్ (ఈ2ఎఫ్‌ఎస్‌సీకే ఉండే ఈఎక్స్‌టీ4 టూల్స్ ప్యాకేజీ) 1.47.0 నుంచి, చెరిపివేత సగంలో ఆగిన ఫైళ్లని నమోదు చేసే ఆర్ఫన్ ఫైల్ అనే ఫీచర్ కొత్త ఈఎక్స్‌టీ4లపై డిఫాల్ట్‌గా ఆన్ అవుతోంది. అలాంటి డిస్క్‌ని పాత రెస్క్యూ సీడీతో చెక్ చేస్తే ఫీచర్ సీ12 తెలియదు, కొత్త ఈ2ఎఫ్‌ఎస్‌సీకే తెచ్చుకోండి అని చెప్పి ఆగిపోతుంది. డిస్క్ చెడిపోయిందని కంగారుపడేది చాలాసార్లు ఇక్కడే. కొత్త సిస్టమ్‌రెస్క్యూ ఇమేజ్‌తో బూట్ చేస్తే ఈ గొడవ ఉండదు. డ్రాయర్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్న యూఎస్‌బీని మాత్రం నమ్మొద్దు.

డిస్క్ బాగుందా, ఫైల్ సిస్టమే బాగాలేదా

రిపేర్ కమాండ్ కంటే ముందు డీమెసేజ్ (కెర్నల్ సందేశాలు), స్మార్ట్‌సీటీఎల్ (డిస్క్ ఆరోగ్య నివేదిక) చూడాలి. స్మార్ట్ పట్టికలో 5వ నంబర్ రీఅలొకేటెడ్ సెక్టార్లు, 197 పెండింగ్ సెక్టార్లు, 198 అసలు చదవలేనివి. 197 సున్నా కాకపోతే ఆ డిస్క్‌పై ఎఫ్‌ఎస్‌సీకే నడపకండి. 199 పెరుగుతూ ఉంటే డిస్క్ కంటే ముందు కేబుల్‌నీ బ్యాక్‌ప్లేన్‌నీ అనుమానించాలి. హార్డ్‌వేర్ రెయిడ్ (పలు డిస్కుల్ని ఒకటిగా కలిపే కంట్రోలర్) వెనక ఉన్న డిస్కులు నేరుగా కనిపించవు. మెగారెయిడ్ కంట్రోలర్ అయితే స్మార్ట్‌సీటీఎల్‌కి మైనస్ డీ ఆప్షన్‌లో మెగారెయిడ్, కామా, డిస్క్ నంబర్ ఇవ్వాలి. కంట్రోలర్ కంపెనీల సొంత టూల్స్ ఇందులో దొరుకుతాయని ఆశించొద్దు, విడిగా తెచ్చుకోవాలి.

చదవలేని సెక్టార్లున్న డిస్క్‌పై ఎఫ్‌ఎస్‌సీకే ఎందుకు కూడదంటే: ఒక బ్లాక్ చదవడం కుదరకపోతే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎర్రర్‌ని పట్టించుకోకుండా ముందుకెళ్లాలా, ఆ బ్లాక్‌ని బలవంతంగా తిరిగి రాయాలా అని. రెండోదానికి ఎస్ అంటే తన బఫర్‌లో ఏముంటే అదే డిస్క్‌పై రాసేస్తుంది. అది అసలు సమాచారమేనన్న హామీ లేదు. ఐనోడ్ టేబుల్‌లోని బ్లాక్ అయితే ఒక్క దెబ్బకి 16 ఐనోడ్లు పోతాయి, 4 కేబీ బ్లాక్, 256 బైట్ల ఐనోడ్ లెక్కన. అన్నిటికీ ఎస్ చెప్పే మైనస్ వై ఇచ్చి ఉంటే ఈ రెండో ప్రశ్నకి కూడా ఎస్సే వెళ్తుంది.

అలాంటి డిస్క్‌కి డీడీరెస్క్యూ, పాడవుతున్న డిస్క్‌ని వేరే డిస్క్‌కి కాపీ చేసే టూల్. సిస్టమ్‌రెస్క్యూలో ఇది ముందే ఉంది, ఈ యూఎస్‌బీ విలువలో సగం దీనిదే అని మా అభిప్రాయం. మొదటి రౌండ్ మైనస్ ఎన్ ఆప్షన్‌తో నడపండి. సులువుగా చదవగలిగేదంతా ముందు లాగేసి, మొండి చోట్లని తర్వాతకి వదిలేస్తుంది. డిస్క్ ఏ క్షణాన ఆగిపోతుందో తెలియనప్పుడు ఈ వరుస చాలా ముఖ్యం. రెండో రౌండ్‌లో మైనస్ డీ, మైనస్ ఆర్ 3 ఇచ్చి మిగిలిన చోట్ల మూడేసిసార్లు ప్రయత్నించనివ్వండి. మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మరిస్తే మధ్యలో ఆగిన కాపీని అక్కడి నుంచి కొనసాగించలేరు. ఆ మ్యాప్ ఫైల్ మూడో డిస్క్‌పై ఉండాలి. కాపీ వెళ్లే డిస్క్ సైజు బైట్లలో సమానంగానో ఎక్కువగానో ఉండాలి, బ్లాక్‌డెవ్ కమాండ్‌కి గెట్‌సైజ్64 ఇస్తే ఖచ్చితంగా తెలుస్తుంది. పెట్టెపై రాసిన టీబీ లెక్కని నమ్మితే కొన్ని మెగాబైట్లు తక్కువ పడి, చివరి బ్లాక్ గ్రూప్ తెగిపోతుంది. మూలం ఏది, గమ్యం ఏది అన్నది సీరియల్ నంబర్‌తో సరిచూసుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు లైవ్ బూట్‌లో మారిపోతాయి.

సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఉంటే ముందు ఎండీస్టాట్ (రెయిడ్ స్థితి చూపించే ఫైల్) చూడండి. పాత డిస్క్ ఒకటి వెనకబడి ఉండి, బలవంతంగా అసెంబుల్ చేసి ఉంటే, ఫైల్ సిస్టమ్‌లో కనిపించే చెత్తంతా అక్కడి నుంచే వస్తుంది. కలిపిన డిస్కుల సమూహం (అరే) సరిగా లేనప్పుడు పైన ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే తప్పుడు లేఅవుట్‌కి తగ్గట్టు ఫైల్ సిస్టమ్‌ని సరిదిద్దుతుంది, ఆ తర్వాత సరైన వరుసలో కలిపినా పనికిరాదు. ముందు రీడ్ ఓన్లీగా అసెంబుల్ చేసి, ఎండీఏడీఎం ఎగ్జామిన్‌తో ప్రతి డిస్క్ ఈవెంట్ కౌంట్ (ఏ డిస్క్ వెనకబడిందో చెప్పే సంఖ్య) చూడాలి. ఏ కారణమూ కనిపించకుండా వేర్వేరు చోట్ల పాడవుతుంటే ర్యామ్‌ని అనుమానించాలి. బూట్ మెనూలోనే మెమ్‌టెస్ట్ ఉంది, కనీసం ఒక పూర్తి పాస్ అవ్వనివ్వండి. చెడ్డ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఎఫ్‌ఎస్‌సీకే నడపడమంటే మంచి బ్లాకులకి కూడా తప్పులు రాయించడమే.

ఓవర్‌లే: అన్నిటికంటే విలువైన పావుగంట

హార్డ్‌వేర్ బాగుందని తేలాక కూడా అసలు డిస్క్‌పై నేరుగా రిపేర్ వద్దు. పూర్తి కాపీ తీసుకునే జాగా లేకపోతే డివైస్ మ్యాపర్ స్నాప్‌షాట్ ఉంది, ఓవర్‌లే అంటున్నది దీన్నే. అసలు డిస్క్ చదవడానికి మాత్రమే వాడుకుని, రాసేవన్నీ వేరే ఫైల్‌లోకి మళ్లిస్తుంది. దీనికి కావాల్సినవన్నీ సిస్టమ్‌రెస్క్యూలో ఉన్నాయి, మెనూలో మాత్రం ఎక్కడా కనిపించదు, అది దీని లోటు.

ముందు బ్లాక్‌డెవ్ సెట్‌ఆర్‌ఓతో అసలు పార్టిషన్‌ని రీడ్ ఓన్లీ చేయండి. వేరే డిస్క్‌ని మౌంట్ చేసి, ట్రంకేట్‌తో 20 జీబీ స్పార్స్ ఫైల్ (రాసేదాకా జాగా తీసుకోనిది) తయారు చేయండి. లోసెటప్‌తో దాన్ని లూప్ డివైస్‌గా (ఫైల్‌నే డిస్క్‌లా చూపించేది) తగిలించండి. బ్లాక్‌డెవ్ గెట్‌ఎస్‌జెడ్ ఇస్తే పార్టిషన్ సైజు 512 బైట్ల సెక్టార్లలో వస్తుంది, అది రాసిపెట్టుకోండి. ఇక డీఎంసెటప్ క్రియేట్‌కి ఇచ్చే టేబుల్ ఒకే లైన్: సున్నా, ఆ సెక్టార్ల సంఖ్య, స్నాప్‌షాట్ అనే పదం, అసలు పార్టిషన్ దారి, లూప్ డివైస్ దారి, పెద్ద పీ అక్షరం, 8. చివరి 8 అంటే 4 కేబీ ముక్కలు. దీంతో డెవ్ మ్యాపర్ కింద కొత్త డివైస్ ఒకటి వస్తుంది. ఇక మీదట ప్రతి కమాండ్ దానిపైనే.

ఎఫ్‌ఎస్‌సీకే మార్చేది ఎక్కువగా మెటాడేటానే (ఫైళ్ల గురించిన లెక్కలే) కాబట్టి 20 జీబీ చాలాసార్లు సరిపోతుంది. ఒకే బ్లాక్‌ని పలు ఫైళ్లు తమదంటున్న పరిస్థితిలో మాత్రం ఫైళ్ల కాపీలు తయారవుతాయి, అప్పుడు ఎక్కువ పట్టవచ్చు. డీఎంసెటప్ స్టేటస్‌లో ఎంత నిండిందో కనిపిస్తుంది. నిండిపోతే స్నాప్‌షాట్ చెల్లదు, ఆ ప్రయోగం పోతుంది, అసలు డిస్క్ మాత్రం భద్రంగానే ఉంటుంది. ఫైల్ చెరిపి పెద్దది తయారు చేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఈ2ఎఫ్‌ఎస్‌సీకేకి సొంతంగా మైనస్ జెడ్ ఆప్షన్ ఉంది. మార్చే ప్రతి బ్లాక్ పాత రూపాన్ని అన్‌డూ ఫైల్‌లో దాస్తుంది, ఈ2అన్‌డూతో వెనక్కి తీసుకురావచ్చు. మంచి ఏర్పాటే. అయినా ఓవర్‌లేకే మా ఓటు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కీ కూడా అదే పద్ధతి పనిచేస్తుంది, కరెంటు పోయినా అసలు డిస్క్‌పై ఒక్క బైట్ మారి ఉండదు.

ఇక్కడే ఇంకో సంగతి. రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాం కదా, ఏమీ మారదులే అనుకోవద్దు. మైనస్ ఓ ఆర్‌ఓ ఇచ్చినా ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రెండూ జర్నల్‌ని (ఇంకా పూర్తికాని మార్పుల చిట్టాని) రీప్లే చేస్తాయి, అంటే డిస్క్‌పై రాస్తాయి. అది వద్దంటే ఈఎక్స్‌టీ4కి నోలోడ్, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి నోరికవరీ ఆప్షన్ కూడా చేర్చాలి.

ఈఎక్స్‌టీ4: ఈ2ఎఫ్‌ఎస్‌సీకే

ఈ మూడింటిలో మాట్లాడే టూల్ ఇదొక్కటే. ఏం కనిపించిందో చెబుతుంది, ఏం చేయబోతోందో అడుగుతుంది, జవాబు విన్నాకే కదులుతుంది. అందుకే దీనికి ఎక్కువ మార్కులు.

మొదట మైనస్ ఎఫ్ (తప్పనిసరిగా పూర్తి చెక్), మైనస్ ఎన్ (ఏమీ మార్చకుండా చూడటం) ఇచ్చి చూసేవాళ్లు ఎక్కువ. సరైన అలవాటే కానీ ఒక చిక్కుంది. మైనస్ ఎన్‌లో జర్నల్ రీప్లే అవ్వదు, ఆ మాట మొదటి లైన్లలోనే హెచ్చరికగా వస్తుంది. జర్నల్‌లో పెండింగ్ ఉన్నవి కూడా తప్పులుగా లెక్కకి వచ్చి, లిస్ట్ భయపెట్టేంత పొడవుంటుంది. ఓవర్‌లేపై ముందు మైనస్ పెద్ద ఈ ఆప్షన్‌లో జర్నల్ ఓన్లీ ఇచ్చి రీప్లే ఒక్కటే చేయించి, ఆ తర్వాత మైనస్ ఎఫ్ ఎన్ నడిపితే నిజమైన నష్టమెంతో తెలుస్తుంది. మౌంట్ అయి ఉన్న డిస్క్‌పై నడిపితే వచ్చే లిస్ట్‌ని అసలు నమ్మకూడదు. కింద మారుతూనే ఉంటుంది కాబట్టి లేని తప్పులు కనిపిస్తాయి.

పాస్ 1లో ఐనోడ్లు, బ్లాకులు, సైజులు. పాస్ 2లో డైరెక్టరీల లోపలి ఎంట్రీలు. పాస్ 3లో ప్రతి డైరెక్టరీ రూట్ దాకా కలుస్తోందా లేదా. పాస్ 4లో లింక్ లెక్కలు, పాస్ 5లో ఫ్రీ బ్లాకుల బిట్‌మ్యాప్‌లు. పాస్ 5లో ఎన్ని వందల లైన్లు వచ్చినా భయం లేదు. ఖాళీ బ్లాకుల లెక్క తప్పింది, బిట్‌మ్యాప్‌లో తేడా ఉంది అనేవి అసలు డేటాని తాకవు, కరెంటు పోయిన సర్వర్లలో మామూలుగా కనిపించేవే. ఆర్ఫన్ లిస్ట్‌లో ఐనోడ్లు దొరికాయన్నదీ అంతే.

ఆగి చూడాల్సింది పాస్ 1లో. ఇల్లీగల్ బ్లాక్ అంటూ వరుస ఐనోడ్ నంబర్లు, ఉదాహరణకి ఒకదాని పక్కన ఒకటి 16 లేదా 32, వస్తున్నాయంటే ఐనోడ్ టేబుల్‌లో ఆ బ్లాకులపై వేరే డేటా ఎవరో రాసేశారని అర్థం. ఇల్లీగల్ బ్లాకులు మరీ ఎక్కువున్నాయి, ఐనోడ్‌ని క్లియర్ చేయనా అని అడుగుతుంది. ఎస్ అంటే ఆ ఫైల్ పేరుతో సహా పోతుంది. పాస్ 1బీ మొదలైందంటే ఒకే బ్లాక్‌ని రెండు మూడు ఫైళ్లు తమదంటున్నాయి. క్లోన్ చేయడానికి ఒప్పుకుంటే అందరికీ ఒక్కో కాపీ ఇస్తుంది, కానీ ఆ బ్లాక్‌లోని సమాచారం ఆ ఫైళ్లలో ఒక్కదానిదే. ఆ పేర్లని లాగ్ నుంచి తీసి, తర్వాత బ్యాకప్ నుంచి మార్చాల్సిన ఫైళ్ల లిస్ట్‌గా పెట్టుకోండి. రూట్ ఐనోడ్ డైరెక్టరీ కాదు అని వస్తే ఎస్ చెప్పొద్దు. తప్పుడు సూపర్‌బ్లాక్‌తోనో (ఫైల్ సిస్టమ్ ప్రధాన వివరాలుండే బ్లాక్), తప్పుడు ఆఫ్‌సెట్ ఉన్న పార్టిషన్‌తోనో చూస్తున్నారేమో ముందు తేల్చుకోండి.

నష్టం పాస్ 1లో ఎక్కువుంటే రిపేర్ కంటే ముందు డీబగ్‌ఎఫ్‌ఎస్. మైనస్ సీ ఆప్షన్‌తో తెరిస్తే బిట్‌మ్యాప్‌లు చదవకుండా, రాసే వీలు లేకుండా తెరుచుకుంటుంది. ఆర్‌డంప్ కమాండ్‌తో కావాల్సిన డైరెక్టరీని ఓనర్లు, పర్మిషన్లతో సహా బయటికి తీయవచ్చు. ఎఫ్‌ఎస్‌సీకే క్లియర్ చేద్దామనుకున్న చోటు నుంచి కూడా చాలాసార్లు సగానికి పైగా ఫైళ్లు ఇలా వచ్చేస్తాయి. ఇది తెలియని అడ్మిన్లే ఎక్కువ, తెలియాల్సిన టూల్ ఇది.

సూపర్‌బ్లాక్‌లో మ్యాజిక్ నంబర్ తప్పు అని వస్తే వెంటనే బ్యాకప్ సూపర్‌బ్లాక్‌కి పరుగెత్తకండి. పార్టిషన్ ఇవ్వాల్సిన చోట మొత్తం డిస్క్ ఇచ్చారేమో, ఎల్‌వీఎం (డిస్కుల్ని వాల్యూమ్‌లుగా విభజించే పొర) ఇంకా యాక్టివేట్ కాలేదేమో, లక్స్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) తెరవలేదేమో బీఎల్‌కేఐడీతో చూడండి. నిజంగానే పోయి ఉంటే, 4 కేబీ బ్లాకుల ఫైల్ సిస్టమ్‌లో మొదటి బ్యాకప్ 32768వ బ్లాక్‌లో ఉంటుంది. తర్వాతవి 98304, 163840, 229376, 294912, 819200, 884736. 1 కేబీ బ్లాకులైతే 8193. చిన్న బీతో ఆ నంబర్, పెద్ద బీతో బ్లాక్ సైజు ఇవ్వాలి. నంబర్లు తెలుసుకోవడానికి ఎంకేఈ2ఎఫ్‌ఎస్ మైనస్ ఎన్ వాడమని చాలాచోట్ల చెబుతారు. ఆ మైనస్ ఎన్ వేళ్లకి తగలకపోతే ఫైల్ సిస్టమ్ కొత్తగా ఫార్మాట్ అవుతుంది. పైగా తయారు చేసినప్పటి ఆప్షన్లు వేరైతే చూపించే నంబర్లు కూడా తప్పే. ఈ చిట్కాని ఓవర్‌లేపై తప్ప వాడొద్దనే మా సలహా.

మైనస్ పీ అంటే సురక్షితమైనవి మాత్రమే తనంతట తాను సరిచేసి, అనుమానం రాగానే చేత్తో నడపండి అంటూ ఆగిపోతుంది. బూట్‌లో ఆగిన సర్వర్లు చూపించే సందేశం ఇదే. మైనస్ వై ఓవర్‌లేపై నడపడంలో తప్పేమీ లేదు, ఫలితం ఎలా ఉంటుందో చూడటానికి అదే త్వరితం. అసలు డిస్క్‌పై మాత్రం ఓవర్‌లే ఫలితం చూశాకే. ప్రశ్నల వరద మొదలయ్యాక ఏ అక్షరం నొక్కితే మిగతావన్నిటికీ ఎస్ అవుతుందని ప్రాంప్ట్‌లోనే చూపిస్తుంది, పొరపాటున నొక్కే ప్రమాదం ఉంది.

పెద్ద డిస్కుల్లో ప్రోగ్రెస్ కోసం మైనస్ పెద్ద సీ, సున్నా. ముందే మొదలుపెట్టేసి ఉంటే సిగ్‌యూఎస్‌ఆర్1 పంపితే బార్ కనిపిస్తుంది. హార్డ్ లింకులు కోట్లలో ఉండే బ్యాకప్ సర్వర్లలో మెమరీ చాలక మధ్యలో ఆగిపోవచ్చు. ఈటీసీలోని ఈ2ఎఫ్‌ఎస్‌సీకే డాట్ కాన్ఫ్‌లో స్క్రాచ్ ఫైల్స్ సెక్షన్ కింద డైరెక్టరీ ఇస్తే పట్టికల్ని ర్యామ్ బదులు అక్కడ పెడుతుంది. లైవ్ సిస్టమ్‌లో చాలామంది టెంప్ డైరెక్టరీ ఇస్తారు, అది కూడా ర్యామే, లాభం సున్నా. నిజమైన డిస్క్‌ని మౌంట్ చేసి ఆ దారి ఇవ్వాలి. వేగం బాగా తగ్గుతుంది, కానీ పని పూర్తవుతుంది.

కమాండ్ ముగిశాక ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 1 అంటే తప్పులు సరిచేసింది, 4 అంటే ఇంకా మిగిలాయి, 8 అంటే తనే పనిచేయలేకపోయింది. ఇవి కలిసి కూడా రావచ్చు, 12 అంటే 4, 8 రెండూ. 1 వచ్చాక మళ్లీ మైనస్ ఎఫ్‌తో నడపాలి. సున్నా వచ్చేదాకా పని అయినట్టు కాదు. ప్రతిసారీ కొత్త తప్పులు పుడుతుంటే హార్డ్‌వేర్ దగ్గరికే తిరిగి వెళ్లాలి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్: ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్

ఇది ఏమీ అడగదు. మైనస్ ఎన్ ఇస్తే చూస్తుంది, ఇవ్వకపోతే చేసేస్తుంది. ఏడు దశల్లో, చాలా వేగంగా. బూట్‌లో నడిచే ఎఫ్‌ఎస్‌సీకే డాట్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ మామూలుగా ఏ చెకింగూ చేయకుండా సరే అని తిరిగి వస్తుంది కాబట్టి, బూట్ లాగ్‌లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ బాగుందని కనిపించినా దానికి అర్థం లేదు. స్ట్రక్చర్ నీడ్స్ క్లీనింగ్ అన్న ఎర్రర్ వస్తే ఈ టూల్ అవసరం పడిందని అర్థం.

మొదటి అడ్డంకి లాగ్, అంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ జర్నల్. లాగ్‌లో విలువైన మెటాడేటా మార్పులున్నాయి, మౌంట్ చేసి రీప్లే అయ్యాక అన్‌మౌంట్ చేసి రండి అంటూ ఎగ్జిట్ కోడ్ 2తో ఆగిపోతుంది. అదే సందేశం చివర మైనస్ పెద్ద ఎల్ గురించి కూడా చెబుతుంది, కంగారులో ఉన్నవాళ్ల కన్ను సరిగ్గా దానిపైనే పడుతుంది. ఆ ఆప్షన్ లాగ్‌ని సున్నా చేస్తుంది. డిస్క్‌కి ఇంకా చేరని మెటాడేటా మార్పులన్నీ పోతాయి. చివరి క్షణాల్లో పేరు మార్చిన, తయారైన, పెరిగిన ఫైళ్లు లాస్ట్ ప్లస్ ఫౌండ్‌లోకి (దారి తెలియని ఫైళ్లని చేర్చే డైరెక్టరీ) చేరతాయి, లేదంటే పాత సైజుతో మిగులుతాయి. ఓవర్‌లేపై మౌంట్ ప్రయత్నించండి. అసలు డిస్క్ కూడా మౌంట్ అయి ఉంటే ఒకే యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) అని తిరస్కరిస్తుంది, నోయూయూఐడీ ఆప్షన్ ఇవ్వాలి. మౌంట్ కుదరకపోతే ఆర్‌ఓ, నోరికవరీతో మౌంట్ చేసి దొరికినంత కాపీ చేసుకుని, అప్పుడే పెద్ద ఎల్. ఈ వరుస తప్పితే ఏం పోయిందో తెలుసుకునే మార్గం కూడా ఉండదు.

ప్రైమరీ సూపర్‌బ్లాక్ పోతే సెకండరీ కోసం తనే వెతుకుతుంది, చుక్కలు పడుతూ గంటలు గడవవచ్చు. ప్రతి అలొకేషన్ గ్రూప్‌లోనూ కాపీ ఉంటుంది కాబట్టి, సరైన పార్టిషన్ ఇచ్చి ఉంటే సాధారణంగా త్వరగానే దొరుకుతుంది. చుక్కలు ఆగకుండా వస్తుంటే దారి తప్పు ఇచ్చారేమో చూసుకోండి.

మెమరీ బాగా తింటుంది. మైనస్ ఎన్, మైనస్ వీవీ, మైనస్ ఎం 1 ఇచ్చి నడిపితే ఎంత కావాలో ముందే చెబుతుంది. కాపీటూర్యామ్‌తో బూట్ చేసిన చిన్న మెషీన్‌లో ఇది ముందే చూసుకోవాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ మెటాడంప్ కూడా ఇందులో ఉంది. మెటాడేటాని మాత్రమే ఫైల్‌లోకి తీసి, ఎండీరీస్టోర్‌తో ఇమేజ్‌గా మార్చి, దానిపై రిపేర్ నడిపి ఏవేవి లాస్ట్ ప్లస్ ఫౌండ్‌కి వెళ్తాయో చూడవచ్చు. ఫైళ్ల పేర్లని డిఫాల్ట్‌గా గుర్తుపట్టకుండా మార్చేస్తుంది, అసలు పేర్లు కావాలంటే చిన్న ఓ ఆప్షన్ ఇవ్వాలి.

మిగతా రెండూ

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చెక్‌కి రిపేర్ ఆప్షన్ ఇస్తే పది సెకన్లు ఆగి, తెలిసినవాళ్లు చెప్తే తప్ప వాడొద్దని హెచ్చరిస్తుంది. ఆ మాట వినండి. రెస్క్యూ ఈక్వల్స్ ఆల్ ఆప్షన్‌తో రీడ్ ఓన్లీ మౌంట్, అది కుదరకపోతే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రీస్టోర్‌తో వేరే డిస్క్‌కి తీసుకుని, కొత్తగా ఫార్మాట్ చేసుకోవడమే మంచిది. జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ ఉన్న సర్వర్‌కి ఈ యూఎస్‌బీ పనికిరాదు, వేరే ఇమేజ్ చూసుకోవాలి.

క్లౌడ్ వర్చువల్ మెషీన్లకీ ఇది అవసరం లేదు. వాల్యూమ్‌కి స్నాప్‌షాట్ తీసి, దాన్నుంచి తయారు చేసిన కొత్త వాల్యూమ్‌ని ఇంకో మెషీన్‌కి తగిలించి పైన చెప్పినవే చేయవచ్చు. ఓవర్‌లే పని స్నాప్‌షాటే చేస్తుంది. ఈఎక్స్‌టీ4 రూట్‌లో చిన్న తేడాలే ఉంటే యూఎస్‌బీ కూడా అక్కర్లేదు. బూట్ మెనూ అయిన గ్రబ్‌లో కెర్నల్ లైన్ చివర ఎఫ్‌ఎస్‌సీకే డాట్ మోడ్ ఈక్వల్స్ ఫోర్స్ చేర్చి బూట్ చేస్తే సిస్టమ్‌డీ చూసుకుంటుంది.

రిపేర్ అయ్యాక

లాస్ట్ ప్లస్ ఫౌండ్‌లో ఈఎక్స్‌టీ4 ఫైళ్లు హ్యాష్ గుర్తు, ఐనోడ్ నంబర్‌తో ఉంటాయి. డైరెక్టరీ మొత్తం అక్కడికి చేరి ఉంటే లోపలి పేర్లు అలాగే ఉంటాయి కాబట్టి ముందు డైరెక్టరీల్ని గుర్తుపట్టి వెనక్కి పెట్టండి, పని సగం తగ్గుతుంది. విడి ఫైళ్లకి ఓనర్, తేదీ మిగిలే ఉంటాయి, ఫైల్ కమాండ్‌తో రకం తెలుస్తుంది. సిస్టమ్ ఫైళ్ల సంగతి ఆర్‌పీఎం మైనస్ వీఏ, లేదా డీపీకేజీ వెరిఫై చెబుతాయి.

డేటాబేస్ ఉన్న సర్వర్ అయితే సర్వీస్ వెంటనే స్టార్ట్ చేయకండి. డేటా డైరెక్టరీ కాపీ తీసి, ఆ కాపీపైనే స్టార్ట్ చేసి మొత్తం డంప్ తీయండి. ప్రతి టేబుల్‌ని చివరిదాకా చదవాల్సి వస్తుంది కాబట్టి ఎక్కడ తెగిందో బయటపడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇండెక్సులు డంప్‌లో తేలవు, వాటికి పీజీ ఆమ్‌చెక్ విడిగా నడపాలి.

చివరిగా, ఈఎక్స్‌టీ4ని మౌంట్ చేసిన ఐదు నిమిషాల తర్వాత డీమెసేజ్ చూడండి. సూపర్‌బ్లాక్‌లో ఎర్రర్ నమోదై ఉంటే, చివరి ఎఫ్‌ఎస్‌సీకే తర్వాత ఎన్ని ఎర్రర్లో కెర్నల్ ఆ సమయానికి రాస్తుంది, ఆపై 24 గంటలకోసారి గుర్తుచేస్తుంది. శుభ్రంగా ముగిసిన ఎఫ్‌ఎస్‌సీకే ఆ లెక్కని చెరిపేసి ఉంటుంది. అందుకే ఆ లైన్ మళ్లీ కనిపిస్తే కొత్త నష్టం మొదలైనట్టే. ట్యూన్2ఎఫ్‌ఎస్ మైనస్ ఈతో ఎర్రర్ వచ్చినప్పుడు రీమౌంట్ ఆర్‌ఓ అయ్యేలా పెట్టి ఉంచితే, అప్పటికి సర్వర్ రాయడం ఆపేసి ఉంటుంది.